త్రోవలోని తీర్థము

సంస్కృతమున తీర్థ శబ్దమునకు మొదటి యర్థము రేవు. దాటుట యను నర్థము గల ధాతువునుండి ఆ పదము పుట్టినది. నదిని దాటగోరువానికి ఎచ్చట నీటిలో దిగుటకు వీలుండునో, ఎచ్చట పడవ యెక్కుటకు అనువగునో ఆ చోటు తీర్థము. సంసారమను నదిని దాటించు క్షేత్రమునకును, జలమునకును, గురువునకును ఆ పేరు పిమ్మట వచ్చినది. కావున తీర్థయాత్రకు బయలుదేరినవాడు దాటించు రేవును వెదకుచు పోవుచున్నాడని యర్థము. ఆ రేవు కొందరికి గోపురము క్రింద దొరకును. కొందరికి త్రోవలోనే యెదురగును. ఎదురైనప్పుడు దానిని గుర్తించుట యెట్లు? గుర్తించినందువలన గుడి చేరుట తప్పిపోయినచో ఆ యాత్ర ఫలించినట్లా, ఫలింపనట్లా? ఈ ప్రశ్నలు భక్తుల గృహములలో నిత్యము పుట్టునవే. ఒకనాటి పడవ ప్రయాణమును ముందుంచుకొని వీనిని విచారింతము.

మన కోస్తా ప్రాంతమున నీటి త్రోవలకు గొప్ప చరిత్ర కలదు. ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలును. వసిష్ఠనుండి వైనతేయ యను పాయ వేరగును. వినతాసుతుడైన గరుత్మంతుని పేరది. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతో కాటన్ దొర త్రవ్వించిన కాలువలు పొలములకు నీరిచ్చుటతోపాటు పడవలకు దారులైనవి. పూర్వము కాకినాడలో పడవ యెక్కినవాడు గోదావరి కాలువలమీదుగా ఏలూరునకు, అచ్చటినుండి బెజవాడకు వచ్చి, కృష్ణను దాటి, కొమ్మమూరు కాలువను పట్టి, పెదగంజాము వద్ద బకింగ్‌హాము కాలువలో ప్రవేశించి, సముద్రమును ఎడమవైపున ఉంచుకొనియే దాని యలలకు చిక్కకుండ చెన్నపట్టణము చేరెడివాడు. 1876-78 సంవత్సరముల దారుణమైన కరవులో ఆకలిగొన్న జనులకు పని చూపి కూడు పెట్టుటకై ఆ కాలువలో కొంత భాగము త్రవ్వబడినది. ఈనాడు మనము చూచు ఆ నీటికి అడుగున ఎందరి యాకలియో కలదు. రైళ్లును రోడ్లును పెరిగిన పిదప పడవలు తగ్గినవి. 2008లో ఈ దారి నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటింపబడినది.

ఆ కాలువలలో పోయిన పాతకాలపు వారికి లాకుల సంగతి తెలియును. ఎగువకు పోవు పడవ లాకు గదిలోనికి వచ్చినంతనే వెనుక తలుపులు మూయుదురు. ముందు తలుపులును మూసియే యుండును. ఇరుప్రక్కల ఎత్తైన రాతిగోడలు. క్రొత్తవానికి చెరసాలలో పడినట్లుండును. అంతట ఎగువ తూములు తెరతురు. నీరు చప్పుడు లేకుండ క్రిందినుండి పెరుగును. గెడ వేయువాడు లేడు, తాడు లాగువాడు లేడు, తెరచాపతో పని లేదు. పడవ తానుగా లేచి ఎగువ కాలువతో సమమగును. అప్పుడు ముందు తలుపులు తెరచుకొనును. లోపలనున్నవాడు చిక్కుకొంటినని తలచుచుండగా, నిజమునకు అతడు ఎత్తబడుచున్నాడు. శరణాగతిని గురించి పెద్దలు చెప్పిన మాటలకు ఇంతకంటె తేటయైన దృష్టాంతము దొరకుట కష్టము. మన ప్రయత్నము ఆగిన చోట భగవంతుని కృప పని చేయ మొదలిడును. ఈ లాకు సంగతిని పాఠకులు మనసున ఉంచుకొందురుగాక. ముందు దీనితో పని కలదు.

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పల్, నాచారములకు ఆవల చెంగిచెర్ల కలదు. పేరులోనే చెరువును దాచుకొన్న ఊరది. ఒకప్పుడు పల్లెగా ఉండి ఇప్పుడు ఇండ్లతో, కాలనీలతో నిండిపోయినది. అచ్చట ఒక వృద్ధ దంపతులు కలరు. భర్త ముప్పది యేండ్లకు పైగా ఆర్టీసీ బస్సు నడపి విశ్రాంతి పొందినవాడు. నిమిషము తప్పక బండి తీయుట, నిమిషము తప్పక చేర్చుట అతని జీవితమున వ్రతము వంటిది. భార్య పుట్టినిల్లు నరసాపురము చెంత పల్లె. ఏడేండ్ల వయసున తల్లి యొడిలో కూర్చుండి, పడవలో అంతర్వేది పోయి, శ్రీ లక్ష్మీనరసింహస్వామి కల్యాణము చూచిన జ్ఞాపకము ఆమె మనసున చెదరలేదు.

పండ్రెండేండ్ల క్రిందట భర్త గుండెజబ్బుతో మంచము పట్టెను. ఆ రాత్రులలో ఆమె స్వామికి మ్రొక్కుకొనినది. “తండ్రీ, వీరిని నాకు దక్కించినచో, మా అమ్మతో వచ్చినట్లు పడవలోనే వచ్చి నీకు కొబ్బరికాయ కొట్టుదును” అని. భర్త కోలుకొనెను. పిమ్మట కుమార్తె వివాహము, ఇంటి ఋణము, మనుమల చదువులు. మ్రొక్కు వెనుకబడినది. ఈలోగా ఆమె మోకాళ్లు సడలినవి. ఇంక ఆలస్యమైనచో చేతకాదని తలచి, ఒక మార్గశీర్ష మాసమున ఇరువురును రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి నరసాపురము చేరిరి. మరల ఆ రాత్రి రైలునకే తిరుగు టికెట్టు కొనియుండిరి. చేతిసంచిలో ఒక కొబ్బరికాయ, ఒక అరటి హస్తము, పసుపు కుంకుమలు, దారి బత్తెముగా పులిహోర, దధ్యోదనము ఉన్నవి.

అంతర్వేది వసిష్ఠ గోదావరి సముద్రమును కలియు చోట ఉన్నది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో సఖినేటిపల్లి మండలమునకు చేరినది. స్వామి పశ్చిమాభిముఖుడై వెలసియుండుట విశేషము. ఇప్పుడున్న ఆలయము కొపనాతి కృష్ణమ్మ పూనికతో 1823లో పూర్తియైనది. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణమును, భీష్మైకాదశినాడు రథోత్సవమును జరుగును. స్థలపురాణము ఇట్లు చెప్పును. హిరణ్యాక్షుని కుమారుడైన రక్తవిలోచనుడు తపస్సు చేసి వరము పొందెను. తన దేహమునుండి ఎన్ని రక్తబిందువులు ఇసుకపై పడునో, ఎన్ని యిసుక రేణువులు తడియునో అందరు రాక్షసులు పుట్టవలెనని ఆ వరము. వాడు వసిష్ఠ మహర్షి పుత్రులను చంపగా, మహర్షి శ్రీహరిని ప్రార్థించెను. స్వామి లక్ష్మీసమేతుడై గరుడునిపై వచ్చి వానితో పోరెను. రక్తము నేలను తాకకుండ మాయాశక్తి దానిని పట్టియుంచిన తరువాతనే వాడు హతుడయ్యెను. ఆ శక్తియే అశ్వారూఢాంబిక యని అచ్చట పూజలందుకొనుచున్నది.

నరసాపురము రేవునుండి సఖినేటిపల్లి రేవునకు పంటుపై దాటి, అచ్చటినుండి రోడ్డున పోవుట నేటి వారి వాడుక. కాని మ్రొక్కు పడవ మీదిది. అందుచే భర్త ఒక మరపడవను మాటాడెను. పడవవాడు నడివయసువాడు. అతనికి తోడు ఒక కుర్రవాడు. మంచు విడుచుచుండగా పడవ సాగినది. ఇరుగట్టుల కొబ్బరిచెట్లు నీటిలోనికి వంగి చూచుచున్నట్లున్నవి. నీటికాకులు వెదురుగుంజలపై రెక్కలార్చుకొనుచున్నవి. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా దిగువకు కదలుచున్నది. ఆమె రెండు చేతులు జోడించి, ముందుకు చూచుచు, గోవిందనామములు చెప్పుకొనుచుండెను. “మా అమ్మ ఇక్కడ కూర్చుండునప్పుడు చేయి నీటిలో పెట్టి వచ్చెడిది” అని ఒకసారి భర్తతో అనెను. అతడు నవ్వి గడియారము చూచుకొనెను. మధ్యాహ్నము గుడి తలుపులు మూయుదురు. అంతకు ముందుగా చేరవలెను.

గంటసేపు పోయిన పిదప, నది నడుమనున్న ఒక లంక గట్టున నలుగురు స్త్రీలు చీరకొంగు లెత్తి పిలుచుచు కనబడిరి. కూలిపనికై వచ్చినవారు. వారిలో ఒకతె చంకన రెండేండ్ల బిడ్డ. రాత్రినుండి ఒళ్లు కాలిపోవుచున్నది, తెల్లవారుజామున ఫిట్సు వచ్చినవి. వారిని తీసికొనిపోవలసిన నాటుపడవ రాలేదు. బిడ్డ కన్నులు పైకి తేలవేసి యున్నవి.

పడవవాడు దంపతుల వైపు చూచెను. ఆసుపత్రి నరసాపురమున, అనగా వెనుకకు. గుడి ముందుకు. భర్త, “రేవునకు ఫోను చేసి వేరొక పడవను పిలువుము, డబ్బు నేనిత్తును” అనెను. ఆ మాటలో కఠినత్వము లేదు. తన ప్రాణమునకై భార్య చేసిన మ్రొక్కు తీరకపోవునేమో యను భయము మాత్రమే ఉన్నది. పడవవాడు, “ఇంకొక పడవ వచ్చునప్పటికి గంట పట్టును, అయ్యగారూ” అనెను. ఆమె మాటాడలేదు. లేచి, పట్టు తప్పుచున్న మోకాళ్లతోనే పడవ యంచునకు వచ్చి, బిడ్డకొరకు చేతులు చాచినది. పడవ మరలినది.

దారి పొడవునను ఆమె తడిగుడ్డతో బిడ్డ ఒళ్లు తుడుచుచు కూర్చుండెను. ఉదయమునుండి ఏమియు తినక, తోటివారి పిల్లలు ఇద్దరు ఆ సంచి వైపు చూచుచుండగా, స్వామికని తెచ్చిన అరటిపండ్లు విడదీసి వారి చేతులలో పెట్టెను. నరసాపురము రేవున ఆటో నిలిపి, బిడ్డను, తల్లిని ఎక్కించి, భర్తయే కొంత పైకము తల్లి చేతికిచ్చెను. మరల పడవ యెక్కునప్పటికి ఎండ ఎక్కినది.

ఇచ్చటనే అసలు కథ మొదలగును. భర్తకు కోపము వచ్చెను. అది ఎవరి మీదనో అతనికే తెలియదు. రాని నాటుపడవ మీద, మెల్లగా పోవు మరపడవ మీద, గడియారము మీద. “త్వరగా పోవు దారి లేదా?” అని గద్దించెను. పడవవాడు, “ప్రక్క పాయ దగ్గరే, కాని ఆటు తీయుచున్నది. ఇసుకమేటలు పైకి తేలును. పెద్దపాయలోనే పోవుదము” అనెను. సముద్రమునకు చేరువనున్న నదులకు దినమునకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు ఉండును. ఒక పోటునుండి మరియొక పోటునకు పండ్రెండు గంటలకు పైగా పట్టును. దినదినమునకు సుమారు ఏబది నిమిషములు వెనుకకు జరుగును. నీటిపై బ్రతుకువాడు దీనిని పంచాంగమువలె ఎరుగును. బస్సు నడపినవానికి రోడ్డు తెలియును గాని నీరు తెలియదు. అతడు మరల మరల ఒత్తిడి చేసెను. తుదకు పడవవాడు విసిగి ప్రక్క పాయలోనికి త్రిప్పెను. అరగంటలో పడవ అడుగు ఇసుకను రాచుకొని నిలిచిపోయెను. కుర్రవాడు దిగి త్రోసెను. పడవవాడు గెడ వేసెను. కదలలేదు. “ఇంక సాయంకాలపు పోటు రావలసినదే” అని పడవవాడు మర ఆపివేసెను.

రక్తవిలోచనుని కథను పురాణశ్రవణముగా విని చేతులు జోడించుట సులభము. ఒక్క కోపపు మాట పెదవి దాటి పడిన చోట పది కోపములు పుట్టుట చూచినప్పుడే ఆ రక్తబిందువు లేమో తెలియును. బిడ్డను దించుటకై పోయినందువలన వారికి దర్శనము తప్పలేదు. పెద్దపాయలో నెమ్మదిగా పోయియుండినచో గుడి మరల తెరచు వేళకు హాయిగా చేరియుందురు. దర్శనమును తప్పించినది తొందర. చేసిన మంచిని చేసినందుకు లోలోన చింతించుటనుండి ఆ తొందర పుట్టినది. దానము చేసినవారును, అతిథిని ఆదరించినవారును ఈ సూక్ష్మమును గమనింపవలెను. సత్కర్మ మనకు నష్టమును కలిగింపదు. చేసిన పిదప కలుగు పశ్చాత్తాపమే నష్టమును తెచ్చిపెట్టును.

ఇసుకమేటపై మధ్యాహ్నము గడచుచుండెను. నీరు వెనుకకు పోయి, పడవ చుట్టును తడి యిసుక మెరయుచున్నది. ఆమె కన్నుల నీరు పెట్టుకొనెను. ఆ కన్నీటిని మనము దాచవలసిన పని లేదు. బిడ్డకు మేలైనదను తృప్తి ఆ దుఃఖమును తీర్చలేదు. పండ్రెండేండ్లు ఎదురు చూచిన ముఖము నదీముఖమున ఉన్నది, ఆమె ఇసుకలో ఉన్నది. కొంతసేపటికి ఆమె కన్నులు తుడుచుకొని, సముద్రపు దిక్కునకు తిరిగి, పులిహోరను, దధ్యోదనమును మనసా నివేదించి, మొదట పడవవానికిని కుర్రవానికిని ఆకులలో వడ్డించెను. భర్త తలవంచుకొని, “నా వలననే” అనెను. ఆమె, “తినండి, మందు వేసికొనవలెను గదా” అనెను. అంతకు మించి ఆమె అనలేదు.

భోజనమైన పిదప పడవవాడు ఆ నీళ్లపై తరతరములుగా పెద్దలు చెప్పుకొను కథ నెత్తెను. “గన్నవరము సీతమ్మతల్లి కూడ ఈ స్వామిని చూడక తిరిగిపోయినది గదా, అమ్మగారూ” అని మొదలిడెను.

డొక్కా సీతమ్మగారిని ఎరుగని గోదావరివాసి లేడు. 1841లో మండపేటలో జన్మించెను. వచ్చినవారికెల్ల అన్నము పెట్టెడివాడగుటచే తండ్రిని జనులు బువ్వన్న యని పిలిచెడివారు. వైనతేయ తీరమునందలి లంకల గన్నవరములో డొక్కా జోగన్నగారి గృహిణియై, ఏ వేళకు ఎవరు వచ్చినను కులగోత్రము లడుగక అన్నము వడ్డించెను. వరదలలో, అర్ధరాత్రములందు ఆ యింటి పొయ్యి ఆరలేదని చెప్పుదురు. జీవితమంతయు ఆ యిల్లు విడిచి పోవుట ఆమెకు సాధ్యపడలేదు. ఒకమారు మాత్రము అంతర్వేది స్వామిని చూడవలెనను కోరికతో పల్లకిలో బయలుదేరెను. దారిలో విశ్రమించియుండగా ఒక పెండ్లివారి గుంపు వచ్చుచున్నది. పిల్లలు ఆకలికి ఏడ్చుచున్నారు. “కొంచెము ఓర్చుకొనుడు. గన్నవరము చేరితిమా, సీతమ్మగారు అన్నము పెట్టును” అని పెద్దలు వారిని ఊరడించుచున్నారు. ఆ మాట ఆమె చెవిని పడెను. పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, పొయ్యి వెలిగించెను. ఆమె అంతర్వేది ప్రయాణము అచ్చటనే ముగిసినదని జనులు చెప్పుకొందురు. 1909లో ఆమె పరమపదించెను. ఆంధ్రప్రదేశములో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు 2024లో ఆమె పేరు పెట్టబడినది.

కథ విని భర్త, “ఆ తల్లి తానుగా మరలినది. మేము నా తొందరచే చిక్కుకొన్నాము. ఆమెతో మాకు పోలిక యేమి?” అనెను. ఈ మాట యథార్థము, అందుచేతనే విలువైనది. మహాత్ముల కథను చెప్పుకొని మన తప్పును కప్పుకొనుట భక్తి కాదు. అయినను, పడవ మరలిన ఆ క్షణమున ఆ యిల్లాలు చాచిన చేతులు సీతమ్మగారి దారిలోనివే. ఒకే దినమున ఒకే పడవలో ఆ దారియు ఉన్నది, ఈ తొందరయు ఉన్నది. మన బ్రతుకులన్నియు ఇట్టివే గదా!

శాస్త్రము దీనికి ఏమి చెప్పుచున్నది? శ్రీమద్భాగవతమున కపిల భగవానుడు తల్లియైన దేవహూతికి భక్తియోగమును ఉపదేశించుచు, సర్వభూతములయందు నెలకొన్న నన్ను ఉపేక్షించి ప్రతిమయందు మాత్రము నన్నర్చించువాని పూజ బూడిదలో హోమము చేసినట్లగునని హెచ్చరించెను. దీనిని విని కొందరు విగ్రహారాధనము వ్యర్థమని తలతురు. అది పొరపాటు. అర్చావతారమున వేంచేసిన స్వామియే బిడ్డ శరీరమున కూడ వేంచేసి యున్నాడు గనుక, రెండు చోట్లను ఆదరము ఒక్కటిగా ఉండవలెనని దాని భావము. గుడిలో స్వామి మనకొరకు వేచియుండగలడు. జ్వరపడిన బిడ్డలోని స్వామి వేచియుండలేడు. ఏది ముందో ఇంతలోనే తెలియుచున్నది.

అదే భాగవతమున రంతిదేవుని కథ కలదు. నలువదెనిమిది దినములు అన్నపానములు లేక కుటుంబముతో కృశించిన ఆ రాజునకు ఒకనాడు పాయసాన్నము దొరకెను. నోటికి చేర్చుకొనబోవు సమయమున అతిథులు ఒకరి వెనుక నొకరు వచ్చిరి. అన్నము అయిపోయినది. మిగిలిన నీటిని త్రాగబోవగా దప్పిగొన్నవాడొకడు వచ్చెను. ఆ నీటిని కూడ ఇచ్చివేసి, తనకు మోక్షము సైతము వలదనియు, సర్వప్రాణుల హృదయములందు నిలిచి వారి దుఃఖమును తాననుభవించి వారిని దుఃఖరహితులను చేయవలెననియు కోరెను. మోక్షమే వలదన్నవాడు ఒకనాటి దర్శనమునకై కలతపడునా?

అయోధ్యాకాండలో గంగను దాటునప్పటి ఘట్టమును స్మరింపుడు. గుహుడు తెప్పించిన నావ నది నడుమకు చేరగా, సీతమ్మతల్లి చేతులు జోడించి గంగను ప్రార్థించినది. వనవాసము ముగించి క్షేమముగా తిరిగి వచ్చినచో గోవులను, వస్త్రములను, రుచిగల అన్నమును దానము చేయుదునని మ్రొక్కుకొనినది. రాజ్యము పోయి, నారచీరలు కట్టి, రేపటి కూడు ఎచ్చటిదో తెలియక పోవుచున్నవేళ ఆ తల్లికి తోచిన మ్రొక్కులో పరుల యన్నము చేరియున్నది. పడవ మీది మ్రొక్కునకు, పరులకు పెట్టు అన్నమునకు నాటినుండియే చుట్టరికము కలదు. మన వైష్ణవ సంప్రదాయమున భాగవతులకు చేయు అన్నసమర్పణమును తదీయారాధనమందురు. తదీయులనగా ఆయనవారు. ఆయనవారు కానివారు ఈ లోకమున ఎవ్వరు?

సూర్యుడు వ్రాలువేళకు పోటు వచ్చినది. మొదట ఇసుకమీద సన్నని తడిగీత వలె, పిమ్మట చీలమండ లోతుగా, చప్పుడు లేకుండ. ఎవ్వరును గెడ వేయలేదు, త్రోయలేదు. పడవ కొంచెము కదలి తానుగా లేచెను. లాకు గదిలో పడవ లేచునట్లే లేచెను. అయిననేమి? అప్పుడు అంతర్వేది పోయినచో రాత్రి రైలు తప్పును. చీకటిలో ఆ పాయ ప్రమాదము. దిగువ దిక్కున దీపస్తంభపు వెలుగు ఒకటి మెరసి ఆరుచుండెను. ఆమె దానికే నమస్కరించి, సంచిలోని కొబ్బరికాయను తీసి కన్నుల కద్దుకొని పడవవాని చేతిలో పెట్టెను. “రేపు నీవు పోయి స్వామికి కొట్టుము, నాయనా” అనెను. అతడు తలపాగ తీసి రెండు చేతులతో అందుకొనెను. పడవ నరసాపురమునకు తిరిగినది. దారిలో ఆమె మెల్లగా చేయి నీటిలో పెట్టెను. చీకటిలో భర్త అది చూచెను. గడియారము చూడలేదు.

మరునాటి సాయంకాలము చెంగిచెర్లకు ఫోను వచ్చెను. కొబ్బరికాయ స్వామికి సమర్పింపబడినది. బిడ్డకు జ్వరము దిగినది. అప్పటినుండి ఆ యింట ప్రతి ద్వాదశినాడు పారణకు ముందు ఒక పెద్దగిన్నెడు అన్నము వండుదురు. చుట్టుప్రక్కల ఇండ్లు కట్టు కూలివారు, ఇతర రాష్ట్రములనుండి పిల్లలతో వచ్చి రేకుల పాకలలో ఉండువారు ఆ పని స్థలములలోనే కలరు. భర్త తానే గిన్నె మోసికొని పోయి వడ్డించును. తిను పిల్లలను తొందరపెట్టడు. మరల అంతర్వేది పోవుదురో లేదో స్వామి చిత్తము. ఆమె మోకాళ్లు బాగుపడలేదు, కోరిక తీరలేదు. తీరని కోరికయే ప్రతి ద్వాదశికి పొయ్యి వెలిగించుచున్నది.

చివరగా ఒక మాట. లంకల గన్నవరమున వైనతేయపై ఒక అక్విడెక్టు కలదు. క్రింద నది, పైన కాలువ. ఆనకట్ట కాలమునాటి పాత కట్టడము శిథిలము కాగా, క్రొత్తది 2000లో ప్రారంభమైనది. గన్నవరపు కాలువ నీరు దానిమీదుగా నదిని దాటి ఆవలి రాజోలు దీవికి పోవును. ఆ దీవి కొననే అంతర్వేది ఉన్నది. క్రొత్త కట్టడమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. స్వామిని చూడబోయి అన్నము పెట్టుటకై వెనుకకు మరలిన ఆ తల్లి, తన పేరుగల వంతెనపై నీరై, పైరులకు ప్రాణమై, స్వామి యున్న దీవికి నిత్యము పోవుచున్నది.

కావున యాత్రకు బయలుదేరు భక్తులు మ్రొక్కుబడి ద్రవ్యముతోపాటు కొంత వ్యవధిని కూడ మూట కట్టుకొని పోవుదురుగాక. త్రోవలో ఎవరైన చేయెత్తినచో పడవ నాపుదురుగాక. ఆపిన పిదప గడియారము చూచి చింతింపకుందురుగాక. దర్శనమైనచో స్వామి కృప. కానిచో, వెనుకకు మరలించిన రేవే తీర్థము.

శ్రీ లక్ష్మీనృసింహార్పణమస్తు.